మూడు జానల నీళ్ళు

ఆ మంగళవారం పొద్దున అపొలినారియు చివరిగా చేసిన పని, చెరువు కట్ట మీద మొలిచిన సర్కారు తుమ్మ మొక్కను వేళ్ళతో సహా పీకి అవతల పడేయడం. చెరువులో నీళ్ళు లేవు. నాలుగేళ్ళుగా వానలు మొహం చాటేయడంతో పెంకుల్లా విచ్చుకున్న బురద, దానికి అడ్డంగా మేకల దారి మాత్రం మిగిలాయి. అయినా డెబ్బై ఎనిమిదేళ్ళ ఆ మనిషి రోజూ తెల్లవారగానే కట్ట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. చెట్టు పెరిగితే వేరు లోపలికి పోతుంది, చెట్టు చస్తే వేరు కుళ్ళి బొక్క పడుతుంది, బొక్క పడ్డ కట్టకు ఏదో ఒకనాడు గండి తప్పదు. ఆయనకు తెలిసిన శాస్త్రం అదీ.

"ఏం పెద్దాయనా, ఈ పొద్దు ఎన్ని చేపలు పడినాయి?" అని మోటారు సైకిలు మీద పోతున్నవాడెవడో అరిచాడు.

"అవి నీకంటే తెలివైనవిరా. నీళ్ళు లేని చోట కాపురం ఉండవు" అన్నాడాయన తల తిప్పకుండానే.

ఇంటికొచ్చేసరికి బొటనవేలికి ముల్లు దిగి ఉంది. కూతురు లిందౌరా ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మంలో వెలుతురుకు తిప్పి, సూదితో ముల్లు తీసింది. ఆయన ఆవిరి మీద ఉడికిన మొక్కజొన్న రవ్వలో పాలు పోసుకుని తింటుంటే, బడి సంచీ భుజాన వేసుకుని, "దీవించండి నాన్నా" అంది.

"దేవుడు చల్లగా చూస్తాడులే, పో. పిల్లకాయలు గోడలెక్కుతా ఉంటారు."

పది గంటలకు బడి దగ్గరికి మనిషి వచ్చాడు. పెద్దాయన ఉయ్యాల మంచంలో నిద్రపోయినట్టే పోయాడట. అప్పుడు లిందౌరా నాలుగో తరగతికి 'మన మున్సిపాలిటీ' పాఠం చెబుతోంది. పిల్లలు ఎల్లలు వల్లిస్తున్నారు: ఉత్తరాన రాతిగుట్టలు, దక్షిణాన ఎండువాగు, తూర్పున పక్క మున్సిపాలిటీ వాళ్ళ పత్తి నేలలు, పడమట ముళ్ళ అడవి.

పోసు దేమా మున్సిపాలిటీ చరిత్ర, భూగోళం ఒక్క కాగితానికి రెండు వైపులా సరిపోతాయి. ఆ కాగితం రాసింది లిందౌరాయే, ఉద్యోగంలో చేరిన కొత్తలో. బ్రెజిల్ ఈశాన్యపు మెట్టనేల. మూడు వేల ఎనిమిది వందల జనం. వాన పడితే ఏడాదిలో నాలుగు నెలలు, పడకపోతే అదీ లేదు. పశువుల మందలు తోలుకొచ్చిన ఒకాయన మొక్కు తీర్చుకోవడానికి గుట్ట మీద చర్చి కట్టించాడు, చర్చి చుట్టూ ఊరు పుట్టింది. ముప్పై రెండో సంవత్సరపు కరువులో చెరువు తవ్వారు. అరవై రెండులో పక్క పట్టణం నుంచి విడిపోయి సొంత మున్సిపాలిటీ అయింది. ఇక చివర ఒక వాక్యం ఉంటుంది: "1985లో చెరువు నిండి అలుగు పారింది."

ఆ వాక్యం రాసేటప్పుడు ఆమె చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. దానికి ఇంకేమీ కలపలేదు. కలిపితే తండ్రి పేరు రాయాలి. రాస్తే ఆయన చేసింది మంచో చెడో కూడా రాయాలి.

*

ఎనభై అయిదులో అపొలినారియుకు నలభై ఏడేళ్ళు. కుర్రతనంలో తోలు చొక్కా తొడుక్కుని ముళ్ళ అడవిలో ఆవుల వెంట గుర్రం తోలినవాడు, మోకాలు విరిగాక మున్సిపాలిటీలో కట్ట కాపరిగా కుదిరాడు. తూము తిప్పడం, కట్ట మీద మొక్కలు పీకడం, చీమల పుట్టలు తవ్వడం ఆయన పని. ఆ కట్ట ఆయనకు పరాయిది కాదు. కరువు కూలీగా దాని మన్ను మోసిన వాళ్ళలో ఆయన తండ్రి ఒకడు. రోజుకు దోసెడు కర్రపెండలం పిండి కూలి. ఆ తండ్రి పోయేముందు కొడుక్కి ఒక సంగతి చెప్పాడు: పాత వాగు దాటే చోట, కట్ట కింద, పెద్ద చెట్ల మొద్దులు అలాగే ఉన్నాయి. తవ్వి తీసే ఓపిక ఎవరికీ లేదు. ఆకలి మీద ఉన్నవాళ్ళు మొద్దుల మీదే మన్ను పోశారు. "ఆ చోటు మీద ఒక కన్నేసి ఉంచు" అన్నాడు.

కట్ట కింద కింది వీధి ఉంది. నలభై ఇళ్ళు. వరసలో మొదటిల్లు గుమెర్సిందుది.

గుమెర్సిందు ఆయనకు కుంపాద్రి. అంటే, గుమెర్సిందు కొడుకు ఇనాసియుకు జ్ఞానస్నానం చేయించిన రోజు బిడ్డను చేతుల్లో పట్టుకున్నవాడు అపొలినారియు. అప్పటిదాకా ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్న ఇద్దరూ ఆ రోజు నుంచి 'మీరు'లోకి వచ్చారు. సొంత అన్నదమ్ములు కర్రలతో కొట్టుకోవచ్చు గానీ కుంపాద్రులు పెళుసు మాట కూడా అనుకోకూడదు. ఆ కట్టు తెంచినవాడికి చచ్చాక కూడా చోటుండదని ఆ నేల మీద నమ్మకం.

ఇనాసియు నాలుగేళ్ళు బతికాడు. ఎనభై మూడులో, అయిదో ఏటి కరువులో, వాగు ఇసుకలో తవ్విన చెలమ నీళ్ళు తాగి మూడు రోజుల్లో పోయాడు. అట్టపెట్టె లాంటి చిన్న శవపేటికను ఒక పక్క తండ్రి, ఒక పక్క జ్ఞానతండ్రి పట్టుకుని గుట్ట ఎక్కారు.

అందుకే రెండేళ్ళ తర్వాత వానలు వచ్చి, మార్చిలో పునీత జోజప్ప పండుగ నాటికి చెరువు అంచుల దాకా నిండి, అలుగు మీద నుంచి పల్చటి నీటి రేకు జారడం మొదలైనప్పుడు, ఊరంతా అకార్డియన్‌తో, చెరకు సారాతో చిందులేస్తుంటే, గుమెర్సిందు ఒక్కడే కేక పెట్టాడు.

"పోతా ఉంది! చూస్తా ఉన్నారేంది? పోతా ఉంది!"

పాట ఆగిపోయింది. ఆరేళ్ళు బిందె పట్టుకుని నీళ్ళ లారీ కోసం ఎదురుచూసిన జనం అది. ఒకావిడ అలుగు మీద కూర్చుని తన గౌను అంచు పరిచి నీళ్ళకు అడ్డం పెట్టింది. అది చూసి ఇంకొకావిడ కూర్చుంది. గంటలో గోతాలు వచ్చాయి. ఇరవై మూడేళ్ళ లిందౌరా బడిపిల్లలను కూర్చోబెట్టి పంచదార సంచులు కుట్టించింది. మూడు రోజుల్లో ఇసుక బస్తాలతో అలుగు మూడు జానలు పైకి లేచింది.

అపొలినారియు ఒక్కసారే నోరు తెరిచాడు. "కుంపాద్రీ, అలుగు చెరువుకు ముక్కు. ముక్కు మూసి కడుపు నింపితే యాడ పగులుతుందో తెలీదు."

"మీ దగ్గర ముక్కుంది, నా దగ్గర సమాధి ఉంది" అన్నాడు గుమెర్సిందు. "ఒక్క చుక్క పోనీయను."

దానికి ఏ జవాబు చెప్పినా ఆ బిడ్డ మీద నుంచి నడిచినట్టవుతుంది. అపొలినారియు వారం రోజులు నోరు మూసుకున్నాడు. తను చేసిన తప్పు అదేనని తర్వాత ఒకసారి కూతురితో అన్నాడు.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఆయన తెల్ల పింగాణీ గిన్నె పట్టుకుని కట్ట కిందికి దిగాడు. పాత వాగు దాటే చోట కట్ట ఎప్పుడూ కాస్త చెమరుస్తుంది. ఆ ఊట పట్టి గిన్నెలో చూడటం ఆయన అలవాటు. గిన్నె అడుగు కనిపిస్తే భయం లేదు, అది ఉత్త చెమట. ఆ రోజు గిన్నె అడుగు కనిపించలేదు. నీళ్ళు పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నాయి. అంటే ఊట ఒట్టి చేతులతో రావడం లేదు, లోపలి నుంచి కట్ట మన్నును మోసుకొస్తోంది. ఊట వచ్చే చోట వేలు పెట్టి చూస్తే సగం దాకా పోయింది.

ఉత్తరాన రాతిగుట్టల మీద మబ్బు నల్లగా కూర్చుంది. అక్కడ పడ్డ వాన సాయంత్రానికి చెరువులోకి వస్తుంది. నీళ్ళకీ కట్ట తలకీ మధ్య రెండు జానల మన్నే ఉంది.

ఆయన గిన్నె తొణక్కుండా కింది వీధికి నడిచి, గుమెర్సిందు గుమ్మంలో పెట్టాడు.

"చూడండి కుంపాద్రీ."

గుమెర్సిందు చాలాసేపు చూశాడు. "కట్ట ఏడవడం కొత్తా? పెళ్ళికూతురు కూడా ఏడుస్తుంది, పెళ్ళి ఆపుతామా?"

"ఇది ఏడుపు కాదు. రక్తం."

"రేపు రాజధాని నుంచి ఇంజనీరు వస్తాడు. ఆయన చెప్పనీ."

"రేపటికి చెప్పడానికి ఇంజనీరుంటాడు, వినడానికి ఈ వీధి ఉండదు."

"ఇంటికి పొండి కుంపాద్రీ" అని గుమెర్సిందు మెల్లగా తలుపు వేసుకున్నాడు.

ఆయన ఇంటింటికీ తిరిగాడు. కింది వీధి వాళ్ళకు రెండు కారణాలున్నాయి వినకపోవడానికి. ఒకటి, నీళ్ళు. రెండోది, అలుగు కాలువ ఆరేళ్ళుగా ఎండి ఉండటంతో దాని మెత్తటి మన్నులో అందరూ చిక్కుడు, మొక్కజొన్న వేసుకున్నారు. ఆరేళ్ళ తర్వాత మొదటి పంట, మోకాలెత్తు ఉంది. అలుగు తెరిస్తే అది మొత్తం కొట్టుకుపోతుంది. ఫిలోమేనా అనే ముసలావిడ ఆయన గిన్నెలోకి చూసి, "పొలీ, నువ్వు చెప్పేది నిజమే అయితే ఈ చిక్కుడు కాయ రుచి చూసి చస్తాలే నాయనా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వబోయాడు, రాలేదు.

పూజ అయ్యి జనం గుట్ట దిగేసరికి పన్నెండు దాటింది. అలుగు దగ్గర మేకను కాలుస్తున్నారు. లిందౌరా అక్కడే ఉంది. తండ్రి గుంపును చీల్చుకుంటూ తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు. గిన్నె మూడోసారి నింపుకొచ్చాడు. ఈసారి కాఫీలో పాలు కూడా లేవు.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. చూసి వీళ్ళకు చెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె గిన్నెలోకి చూసింది. బురద నీళ్ళే. అయితే చెరువులో నీళ్ళన్నీ బురదగానే ఉన్నాయి కదా, కొత్త వాన నీళ్ళు కదా అనిపించింది. తను కుట్టించిన సంచులు అటు వరసగా ఉన్నాయి. తన బడిపిల్లల తల్లులు నిలబడి ఉన్నారు.

"నాకు ఎప్పటిలాగానే కనిపిస్తా ఉంది నాన్నా. రేపటిదాకా ఆగుదాం."

ఆయన గిన్నె కింద పెట్టాడు. ఆవుల కాపరిగా ఉన్న రోజుల నాటి కత్తిని నడుం దగ్గర నుంచి తీశాడు.

బస్తాల వరస మీద గుమెర్సిందు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. బూట్లు చీలమండల దాకా బురదగా ఉన్నాయి, చొక్కా చెమటతో తడిసి ఉంది.

"దిగండి కుంపాద్రీ" అన్నాడు అపొలినారియు.

"దిగను."

"మీ కాళ్ళు తగులుతాయి."

"తగలనీ."

అపొలినారియు విరిగిన మోకాలును నెమ్మదిగా మడిచి, నీళ్ళలో కూర్చున్నాడు. ముందు గుమెర్సిందు ఎడమ బూటు పక్కనున్న బస్తా కోశాడు. ఇసుక బుసబుసమని జారింది. తర్వాత కుడి పక్కది. ఎవడో వెనక నుంచి ఆయన జుట్టు పట్టుకున్నాడు, ఇంకెవడో వీపు మీద తన్నాడు. మూడో బస్తా కోసేసరికి ఇక కత్తితో పని లేకపోయింది. నీళ్ళే మిగతా పని చేసుకున్నాయి. వరస మొత్తం ఒక్కసారి కదిలింది. గుమెర్సిందు కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే పక్కకు దూకాడు. గోతాలు, కట్టెలు, కాలుతున్న మేక తాలూకు ఇనుప చువ్వ, అన్నీ కలిసి కాలువలో పడ్డాయి. చిక్కుడు పందిళ్ళు ఒకదాని వెనక ఒకటి వంగి, మునిగి, కనిపించకుండా పోయాయి. అప్పుడు టైము రెండు.

గుమెర్సిందు వచ్చి అపొలినారియు చొక్కా పట్టుకుని లేపాడు. చెంప మీద కొట్టాడు.

"ఒరేయ్ పొలీ! ఈ పొద్దుతో నువ్వు నాకు ఏమీ కావు. నా బిడ్డను ఎత్తుకున్న చేతులని చూడను ఇంక."

ఆ 'ఒరేయ్' విన్నాక జనం కూడా వెనక్కి తగ్గారు. కొట్టడం మానేశారు. దెబ్బకన్నా పెద్దది జరిగిపోయిందని వాళ్ళకు తెలుసు.

సాయంత్రం అయిదుకు నీళ్ళు మూడు జానలు దిగాయి. ఊట మళ్ళీ తేటపడింది. రాతిగుట్టల మీది మబ్బు గాలికి తూర్పుకు పోయింది. ఆ రాత్రి వాన పడలేదు. మర్నాడు వచ్చిన ఇంజనీరు కట్ట మీద అటూ ఇటూ నడిచి, కాఫీ తాగి, "ఇప్పుడు చూస్తే బాగానే ఉంది. నిన్న ఎట్లా ఉందో నేనెట్లా చెప్పేది?" అని జీపెక్కాడు.

*

మున్సిపాలిటీ ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. ఎనభై ఏడులో మళ్ళీ వానలు లేవు. అక్టోబరుకల్లా చెరువు అడుగంటింది. "ఆ మూడు జానలు ఉంటే క్రిస్మస్ దాకా వచ్చేవి" అన్నారు. అలా 'మూడు జానల పొలీ' అన్న పేరు పడింది. అంగట్లో ఎవరైనా సారా గ్లాసు నిండా పోయమంటే, "మూడు జానలు తగ్గించి పొయ్, పొలీ గాని వచ్చినాడేమో చూడు" అనేవారు. తన ముందే అన్నా ఆయన నవ్వేవాడు. "తగ్గించే తాగండి. గ్లాసు పగలకుండా ఉంటుంది" అనేవాడు. పన్నెండు మేకలు పెట్టుకుని బతికాడు. ఉద్యోగం పోయినా పొద్దున్నే కట్ట మీద మొక్కలు పీకడం మానలేదు.

గుమెర్సిందు ఎదురైతే ఇద్దరూ దారి మార్చుకునేవారు. ఒకసారి ఊళ్ళో ఒక పెద్దావిడ శవం దగ్గర ఎదురెదురు బల్లల మీద నాలుగు గంటలు కూర్చున్నారు, ఒక్క మాట లేదు. తొమ్మిదేళ్ళ కిందట గుమెర్సిందు పోయినప్పుడు అపొలినారియు సమాధుల గోడ బయట టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి వెళ్ళలేదు.

లిందౌరాకు ఆ కొత్తలో తండ్రి మొహం చూడటం కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది. "ఆ రోజు మీరు చెప్పిందే నిజమేమో నాన్నా" అని ఒక్కసారి అనొచ్చు. అనలేదు. ఎందుకంటే ఆమెకు నిజంగా తెలియదు. పడని కట్ట పడేదో కాదో ఎవరు చెప్పగలరు? తెలియని సంగతి తెలుసని చెప్పడం, అదీ ఆయనకు, అబద్ధమవుతుంది. ఇన్నేళ్ళలో ఆయన ఒకే ఒకసారి అడిగాడు, నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ. "ఒక్కడు, ఒక్కడైనా నమ్మినాడంటావా తల్లీ, ఆ పొద్దు?" ఆమె తువ్వాలు అందించింది. ఆయన చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

తండ్రి పోయిన ఏడో రోజు, చర్చిలో పూజ అయ్యాక జనం ఇంటికి వచ్చారు. కాఫీ కాచడానికి గుమెర్సిందు భార్య యూఫ్రాజియా వచ్చింది. మగవాళ్ళ తగువు ఆడవాళ్ళ పొయ్యి దాకా ఎప్పుడూ రాలేదు. ఎనభై దాటిన మనిషి, చెవి కాస్త దూరం. పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని బెల్లం కొడుతూ ఏవేవో పాత సంగతులు చెబుతోంది. మంచాన పడ్డ అత్తగారికి తను ఎన్నేళ్ళు చాకిరీ చేసిందీ, ఆవిడ ఎంత బరువుండేదీ.

"ఒక్కరే ఎట్లా లేపేవాళ్ళు?" అని లిందౌరా మాటకు అడిగింది.

"నేనెక్కడ లేపేది? ఆయన లేపేవాడు. అలుగు తెగ్గొట్టిన ఆదివారం చూడాల్సింది తల్లీ. మంచంతో సహా ఎద్దుల బండి మీదికి ఎత్తినాడు. నన్నూ పిల్లల్నీ ఎక్కించినాడు. వెనక దారిన చర్చి గుట్ట మీద మా చెల్లెలింటికి తోలినాడు. మేము ఎక్కేసరికి పది గంటల పూజకు గంట కొడతా ఉన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. మమ్మల్ని దించి, తను మళ్ళీ అలుగు దగ్గరికే పోయినాడు."

లిందౌరా కాఫీ వడగట్టే గుడ్డ పక్కన పెట్టింది.

"ఎందుకని అడగలేదా మీరు?"

"అడగకుండా ఉంటానా?" అంది యూఫ్రాజియా, బెల్లం ముక్కలు పళ్ళెంలోకి ఎత్తుతూ. "నీళ్ళ సంగతిలో కుంపాద్రి పొరపాటు పడడు, ముందు బండెక్కు అన్నాడు."